మొగలిరేవులో మోగని గంట

పూస సరిగ్గా పనిచేస్తోందని మొదటిసారి రుజువైన రోజున ప్రయోగశాలలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు చనిపోయింది మొగలిరేవులో వలలు అల్లుకుని బతికే ఒక ముసలాయన.

ఆయన కాలిలో మేకు దిగింది. ధనుర్వాతం పట్టుకోబోతోందని ముందే విశాఖపట్నం ప్రయోగశాలలోని తెర మీద పసుపు చుక్క వెలిగింది. చుక్క పక్కన జబ్బు పేరు, దాన్ని ఆపే ఇంజెక్షన్ పేరు, ప్రాణానికి ఉన్న గడువు కనిపించాయి. సరిగ్గా ఆ గడువుకే చుక్క ఆరిపోయింది.

సముద్రం అవతల, మరిండా అనే చిన్న ద్వీపదేశంలో అదే వయసున్న ఇంకో ముసలాయనకి అదే జబ్బు మొదలైంది. అక్కడ చుక్కతో పాటు గంట కూడా మోగింది. నర్సు బండేసుకుని ఇంటికెళ్ళి సూది వేసింది. ఆ ముసలాయన రెండు వారాల్లో మళ్ళీ పడవెక్కాడు.

తెర మీద ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూపించింది యంత్రం. ఇటు ఆరిన చుక్క, అటు పచ్చగా మారిన చుక్క. దాన్ని వాళ్ళు 'జత' అనేవారు. మొదటి జత అది.

కూర్మారావు కూడా చప్పట్లు కొట్టాడు. పూసని కనిపెట్టిందే అతను. చెవి వెనక చర్మం కింద పెట్టే ఆవగింజంత పూస అది. రక్తం వాసన పడుతుంది, గుండె చప్పుడు వింటుంది, ఒంట్లో ఏ మూల ఏది చెడుతోందో పసిగట్టి కబురు పంపుతుంది. అన్ని చావుల్నీ అది పట్టించుకోదు. మందో, సూదో, కాస్త రక్తమో అందితే ఆగిపోయే చావుల్నే పట్టుకుంటుంది. పన్నెండేళ్ళు పట్టింది కూర్మారావుకి దానికా తేడా నేర్పడానికి.

ప్రయోగం మొదలయ్యే ముందు అతను సంస్థ డైరెక్టర్ ఇందుమతిని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"గంట మన వైపెందుకు మోగకూడదు మేడమ్?"

"రెండు వైపులా మోగితే తేడా ఎలా తెలుస్తుంది?"

"అయితే మన దగ్గర మోగనిచ్చి, వాళ్ళ దగ్గర ఆపొచ్చుగా."

"వాళ్ళ చట్టం ఒప్పుకోదు కూర్మారావ్. ప్రాణం పోతుందని తెలిసి కూడా చెప్పకపోతే అక్కడ జైలు. మన దగ్గర పూస గురించి ఇంకా చట్టమే రాలేదు." అక్కడ వానలు ఎక్కువ, ఇక్కడ తక్కువ అన్నంత మామూలుగా చెప్పింది ఆవిడ. "మూడేళ్ళు ఓపిక పట్టు. రెండు దేశాల చావుల్నీ ఏడాదికేడాది పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏ మంత్రీ మొహం తిప్పుకోలేడు. ఆ తర్వాత ఊరూరా గంట. ఎన్ని లక్షల మంది బతుకుతారో నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఆ లెక్క వేసిందీ అతనే.

మన వైపు మొగలిరేవు మండలాన్ని ఎంచుకున్నారు. ఒకవైపు సముద్రం, ఒకవైపు ఉప్పుటేరు. ఏటి మీద వంతెన తుపానుకి కూలిపోయింది, మళ్ళీ కట్టలేదు. ఉన్న ఒక్క ఆరోగ్య కేంద్రానికి మధ్యాహ్నం దాటితే తాళం. అంబులెన్సు రావాలంటే ఏరు చుట్టి రావాలి. పరిశోధన కోసమని చెప్పి అందరికీ పూసలు వేశారు. ఫలితాలు తరవాత తెలుపుతామన్నారు. ఎవరూ పెద్దగా ఏమీ అడగలేదు. ఉచితంగా బీపీ చూస్తున్నారు కదా అనుకున్నారు.

తెర మీద పేర్లు కనబడకూడదని నియమం పెట్టమన్నది కూర్మారావే. ఆడో మగో, వయసు, ఊరు, అంతే. "పేరు తెలిస్తే ఆగలేం మేడమ్, మనుషులం కదా" అన్నాడు. ఇందుమతి ఆ మాటని మెచ్చుకుంది.

*

రెండో ఏడాది చివర్లో అతని చెల్లెలు వీడియో కాల్ చేసింది. అప్పలకొండ ఆమె పేరు, ఇంట్లో అందరికీ కొండ. అతనికంటే పదేళ్ళు చిన్నది. అమ్మ పోయాక అతనే చదివించాడు, అతనే పెళ్ళి చేశాడు.

"అన్నా, ఇల్లు మారినాం. మీ బావకి రొయ్యపిల్లల హేచరీలో సూపర్‌వైజరు పనిచ్చారు. క్వార్టర్సు కూడా ఇచ్చారు. సముద్రం ఇంటి ముందరే." జుట్టు పక్కకి తోసి చెవి వెనక అతికించిన పట్టీ చూపించింది. "ఇదుగో, నీ పూస. నిన్ననే ఏసినారు. మా అన్నయ్యే కనిపెట్టినాడని చెప్తే ఆ నర్సమ్మ నమ్మలేదు తెలుసా!"

కూర్మారావు ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. "ఏ ఊరు?"

"మొగలిరేవు."

ఆ తర్వాత ఆమె చెప్పిన మాటలు అతని చెవిలో సగం సగమే పడ్డాయి. మూడో కానుపు అట, ఐదో నెల అట. పక్కింటి చిన్నతల్లికి కూడా ఐదో నెలేనట, ఇద్దరిదీ ఒకే ఈడట, దానికి పెళ్ళయిన చాన్నాళ్ళకి నిలిచిన కడుపట. దాని మొగుడు పోలారావు ఆటో తోలతాడట. ఊరంతటికీ బండి అదొక్కటేనట.

"అక్కడెందుకే? వేరే ఊళ్ళో పని దొరకలేదా?" అన్నాడు.

"ఏటన్నా అలగంటావు? ఎంత బాగుందో తెలుసా ఇక్కడ. నువ్వూ వదినా ఒకసారి రండి."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. అక్కణ్ణుంచి వచ్చెయ్యమని చెప్తే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్తే ఊరంతా తెలుస్తుంది. ఊరంతా తెలిస్తే రెండేళ్ళ జతలన్నీ బూడిద. ఇంకో ఏడాది గడిస్తే చాలు, అంతవరకూ కొండకి ఏమీ కాదని తనకి తాను చెప్పుకున్నాడు. అలా అనుకోవడానికి కారణమేమీ లేదు. ఆ మండలంలో చావులు ఏ లెక్కన పడుతున్నాయో అతనికంటే బాగా తెలిసినవాడు లేడు.

*

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం, అతను టీ కప్పు బల్ల మీద పెడుతుండగా చుక్క వెలిగింది.

స్త్రీ. ముప్పైనాలుగేళ్ళు. మొగలిరేవు. నిండు గర్భిణి. గుర్రపువాతం. గడువు రెండు రోజులు.

గుర్రపువాతమంటే బీపీ పెరిగి, కాళ్ళు వాచి, చివరికి ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డల్ని తీసుకుపోయే జబ్బు. సమయానికి ఇంజెక్షన్ వేసి కాన్పు చేస్తే చాలు, ఇద్దరూ బతుకుతారు. కొండ వయసూ అదే. కూర్మారావు వరండాలోకి వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేశాడు. తను ఏం చేస్తున్నాడో ఆలోచించలేదు. నియమం పెట్టిందే తనని గుర్తు రాలేదు.

"కొండా, రేపు పొద్దున్నే బయల్దేరి ఇక్కడికొచ్చెయ్. మీ వదినకి తెలిసిన లేడీ డాక్టరు ఉంది. ఒకసారి చూపిద్దాం."

"ఏటైందన్నా? నాకు బాగానే ఉంది కదా."

"బాగున్నా సరే. నా మాట విను."

"సరేలే, పోలన్న ఆటోలో వస్తాను. అన్నా, చిన్నతల్లిని కూడా తీసుకొచ్చీనా? పాపం దానికి కాళ్ళు బాగా వాచిపోతన్నాయి. నాతో పాటు దానికీ చూపించేద్దాం."

కూర్మారావు తల ఎత్తి అద్దాల్లోంచి లోపలికి చూశాడు. ఇందుమతి తెర ముందు నిలబడి ఉంది. చెల్లెలొక్కతే అన్న ఇంటికి కానుపు కోసం వచ్చిందంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఒకే ఊరి గర్భిణులు ఇద్దరు ఒకే రోజున ప్రయోగశాల మనిషి ఇంటికి వస్తే రేపు తనిఖీలో ప్రశ్న వస్తుంది. అతని బుర్ర ఆ దారినే పోయింది. వాచిన కాళ్ళ దగ్గర ఆగలేదు.

"ఇద్దరెందుకే? ఇల్లు ఇరుకు. ఒక్కదానివే రా" అన్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నానికి కొండ వచ్చింది. పోలారావు ఆటోని ఆస్పత్రి గేటు దాకా తెచ్చి, ఆమె సంచి తానే మోసుకొచ్చాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, నల్లగా, మాటకి ముందు నవ్వేవాడు. కూర్మారావుకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"కొండమ్మ మీ గురించి చెప్తా ఉంటాదండి. పెద్ద సైంటిస్టంట కదా మీరు."

డాక్టరు కొండని పరీక్ష చేసింది. బీపీ మామూలు. కాళ్ళకి వాపు లేదు. బిడ్డ బాగా తిరుగుతోంది.

"ఏమీ లేదండీ, హాయిగా ఇంటికి తీసుకెళ్ళండి" అంది.

"ఒక రోజు ఇక్కడే ఉంచండి డాక్టర్" అన్నాడు కూర్మారావు. డాక్టరుకి కనపడనిది పూసకి కనపడిందని అతని నమ్మకం. డాక్టరు వింతగా చూసి, భుజాలెగరేసి, సరేనంది. అతని భార్య ప్రసన్న ఆడపడుచు పక్కన కూచుంది.

పోలారావు తలుపు దగ్గర తచ్చాడుతున్నాడు. "అయితే నేను బయలెల్తానండి. ఇంటికాడ మనిషి ఒక్కర్తే ఉంది."

"ఆగు పోలారావ్. రేపు కొండని కూడా తీసుకెళ్ళిపోదువుగాని. నిండు మనిషి, బస్సులో ఎలా వస్తుంది?" అన్నాడు కూర్మారావు. అతన్ని క్యాంటీనుకి తీసుకెళ్ళి అన్నం పెట్టించాడు. ఇంత పెద్దమనిషి దగ్గరుండి వడ్డిస్తుంటే కాదనలేక పోలారావు ఆగిపోయాడు.

మరుసటి రోజు పది దాటాక కూర్మారావు ప్రయోగశాలకి వెళ్ళాడు. మనసు తేలిగ్గా ఉంది. కొండ ఆస్పత్రి మంచం మీద ఉంది, చుట్టూ డాక్టర్లున్నారు. చుక్క ఈపాటికి వెలిసిపోయి ఉండాలి.

వెలిసిపోలేదు. మొన్నటికంటే ముదిరి, నారింజ రంగుకి తిరిగింది.

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఊరి పేరు మళ్ళీ చదివాడు. వయసు మళ్ళీ చదివాడు. 'ఇద్దరిదీ ఒకే ఈడు' అన్న చెల్లెలి మాట అప్పుడు పూర్తిగా చెవిలో పడింది.

మొగలిరేవు ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేశాడు. తెరిచి ఉండే వేళే, అయినా మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. అంబులెన్సు నంబరు నొక్కబోయి ఆగాడు. ఏమని చెప్పాలి? పేరు తెలుసు, కానీ తెలియకూడదు. ఎవరు మీరు అంటే ఏం చెప్పాలి? వేలు ఫోన్ మీదే ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అతనికి తేలలేదు. చివరికి నొక్కాడు. ఊరు చెప్పాడు, ఇల్లు చెప్పాడు. "వంతెన లేదండీ, చుట్టూ తిరిగి రావాలి, టైం పడుతుంది" అంది అవతలి గొంతు.

అప్పుడే పక్క తెర మీద తరీసా మొహం కనిపించింది. మరిండాలో కూర్మారావు చేసే పనే చేసే మనిషి ఆవిడ. ప్రయోగం మొదలైనప్పటి నుంచీ రోజూ మాట్లాడుకుంటారు.

"మా జతకి కాన్పు అయిపోయింది కూర్మా!" అంది నవ్వుతూ. "గంట మోగిన అరగంటలో ఆస్పత్రికి చేర్చాం. ఆడపిల్ల. తల్లి సూపు తాగుతోందట. మీ వైపు ఎలా ఉంది?"

అతను జవాబు చెప్పేలోగా నారింజ చుక్క రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది.

తరీసా కూడా చూసింది. ఆవిడ నవ్వు అలాగే మొహం మీద మిగిలిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. "అయ్యో" అని, కిందకి చూసి, లెక్కలో నమోదు చేసుకుంది.

*

అతను ఆస్పత్రికి చేరేసరికి పోలారావు వరండాలో గోడకి ఆనుకుని కూచుని ఉన్నాడు. ఫోన్ చెవి దగ్గరే ఉంది, కానీ అవతల ఎవరూ లేరు. కొండ అతని ముందు మోకాళ్ళ మీద కూచుని ఏడుస్తోంది.

"ఫిట్సు వచ్చినాయంటన్నా. పక్కోళ్ళు మంచం మీద మోసుకుని ఏటి దాకా తెచ్చారంట. బండి లేదు." ఆమె గేటు వైపు చెయ్యి చూపించింది. "బండి ఇక్కడుంది."

పోలారావు లేచాడు. తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. అది చేతిలోనే ఉంది. కూర్మారావు అతని భుజం మీద చెయ్యి వేస్తే, "మీరు మంచోరండి, అన్నం పెట్టినారు" అన్నాడు, ఏం మాట్లాడుతున్నాడో తెలియని మనిషిలాగ. ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

కొండ కళ్ళు తుడుచుకుని అన్న వైపు చూసింది.

"నాకేటీ లేదన్నారు కదా డాక్టరమ్మ. మరి అంత ఆదరాబాదరాగా ఎందుకు రమ్మన్నావు?"

"ఊరికే భయమేసిందమ్మా. అమ్మ కూడా కాన్పులోనే కదా పోయింది."

అమ్మని అడ్డం పెట్టుకున్నందుకు అతనికే సిగ్గేసింది. కొండ మాత్రం చూపు వెంటనే తిప్పుకోలేదు.

ఆ సాయంత్రం అతను ఇందుమతికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నువ్వు పిలవకపోతే బండి ఊళ్ళోనే ఉండేది. ఆవిడ బతికేదేమో."

"అవును."

"అంటే ఈ చావుకి కారణం వంతెనా, మందు లేకపోవడమా, నువ్వా?" నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఈ జతని తీసెయ్యాలంటే ఎందుకు తీశామో రాయాలి. రాస్తే నువ్వు నియమం తప్పావని తెలుస్తుంది. మరిండా వాళ్ళు ఒప్పందం రద్దు చేస్తారు. రెండున్నరేళ్ళుగా పోయినవాళ్ళందరూ ఊరికే పోయినట్టవుతుంది. కాబట్టి ఉంచుదాం."

"గంట ఇప్పుడే మోగనిద్దాం మేడమ్. చాలు."

"ఇంకా ఎనిమిది నెలలు. నీకు తెగించాలని ఉంటే వెళ్ళు, పత్రికలవాళ్ళని పిలు. నేను ఆపను. కానీ వచ్చే పదేళ్ళు ఏ ప్రభుత్వమూ పూస పేరెత్తదు. ఆ పదేళ్ళలో పోయేవాళ్ళని కూడా నువ్వే లెక్క పెట్టుకో."

కూర్మారావు గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కణ్ణుంచి వెనక్కి వచ్చి, తనకి తెర లేని గదిలో పని ఇమ్మని అడిగాడు. ఆవిడ ఇచ్చింది.

ఆ ఎనిమిది నెలలూ అతను తలుపులేసుకుని పూసలోని లోపాలు సవరించాడు. బయట చుక్కలు వెలుగుతూనే ఉన్నాయి, ఆరుతూనే ఉన్నాయి. కొండకి మగపిల్లాడు పుట్టాడు. మళ్ళీ మొగలిరేవుకే వెళ్ళిపోయింది. ఇంట్లో కూర్మారావు అన్నం ముందు కూచుని కలుపుతూనే ఉండేవాడు, ప్రసన్న ఏమైందని అడిగితే ఉద్యోగం గొడవ అనేవాడు.

*

మూడేళ్ళూ నిండాక ఇందుమతి చెప్పిందంతా జరిగింది. రెండు దేశాల లెక్కలూ పక్కపక్కన పేపర్లలో వచ్చాయి. మొగలిరేవులో ఆపదగ్గ చావులు రెండు వందల పన్నెండు. అంతే జనం ఉన్న మరిండాలోని ఒక తాలూకాలో పంతొమ్మిది. అదీ మొదటి ఏడాది పన్నెండు, రెండో ఏడాది ఐదు, చివరి ఏడాది రెండే రెండు. మనవైపు ఏడాదికేడాది పెరిగాయి. అసెంబ్లీ అట్టుడికిపోయింది. ప్రభుత్వం అన్ని మండలాల్లోనూ గంటలు పెడతామని, మొదటి గంట మొగలిరేవులోనే మోగుతుందని ప్రకటించింది.

ప్రారంభోత్సవానికి హైస్కూలు ఆవరణలో షామియానా వేశారు. కొత్త అంబులెన్సుకి పూలదండలు కట్టారు. డ్రైవరు ఉద్యోగం పోలారావుకిచ్చారు. ఆ దారులు అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియవు. ఖాకీ చొక్కా అతనికి వదులుగా ఉంది.

వేదిక మీద ఇందుమతి మాట్లాడింది. నిజాయితీగల మనిషి కాబట్టి ఏదీ దాచలేదు.

"ఈ మూడేళ్ళూ పూసలు మాకు ముందే చెబుతూ వచ్చాయి. ఎవరికి ఏ జబ్బు వస్తుందో, ఏ మందు వేస్తే ఆగుతుందో మాకు తెలుసు. కానీ పోల్చి చూపడం కోసం మేము మౌనంగా ఉండాల్సి వచ్చింది. ఈ మండల ప్రజలు చేసిన త్యాగం దేశం మర్చిపోదు."

ముందు వరసల్లో చప్పట్లు మొదలయ్యాయి. త్యాగం అన్న మాట వినగానే వెనక వరసలు కూడా కొట్టాయి. ఏం విన్నారో వాళ్ళకి ఇంకా అర్థం కాలేదు. ఒకరిద్దరు మాత్రం చేతులు ఎత్తి, సగంలో ఆపేశారు.

తర్వాత పోలారావుని మైకు దగ్గరికి పిలిచారు. అతను "ఈ బండి ఒక్క ఏడాది ముందొచ్చుంటే మా ఇంటిది బతికేదండి" అని, మైకు వదిలేసి వచ్చి, ముందు కుర్చీలో ఉన్న కూర్మారావు కాళ్ళకి దండం పెట్టాడు. కూర్మారావు ఆపేలోపే పెట్టేశాడు.

సభ ముగిశాక కొండ వచ్చింది. చంకలో పిల్లాడున్నాడు. షామియానా వెనక్కి రమ్మని సైగ చేసింది.

"నీకు తెలుసన్నమాట."

అతను తల ఊపాడు.

"నేననుకున్నావు. అందుకు నన్ను పిలిచావు."

"అవునే."

"దాని కాళ్ళు వాచినాయి, తీసుకొచ్చీనా అనడిగాను. ఒక్కదాన్నే రమ్మన్నావు." ఆమె గొంతు పెంచలేదు. "బయల్దేరేటప్పుడు అది నా సంచి ఆటోలో పెట్టింది. నానూ వస్తానే అన్నాది. మా అన్న ఒక్కదాన్నే రమ్మన్నాడు, ఇల్లు ఇరుకంట అని దాని మొహం మీదే చెప్పాను. అది నవ్వింది. ఇప్పుడు నానేటి చెయ్యాల? నువ్వు చెప్తావా పోలన్నకి, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను."

పోలారావు అంబులెన్సు అద్దం తుడుస్తున్నాడు. కూర్మారావు అతని పక్కన నిలబడి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. చుక్క, చెల్లెలు, ఫోను, ఇరుకిల్లు, క్యాంటీన్లో అన్నం. చెప్పేటప్పుడు అతని వైపు చూడలేకపోయాడు. పోలారావు మొదట గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు, తర్వాత ఆ చెయ్యి అద్దం మీదే ఆగిపోయింది.

"దాన్ని కూడా ఎక్కించుకొచ్చుంటే?"

"బతికేది."

"నన్ను ఆ పూట ఎల్లనిచ్చుంటే?"

"బతికేది."

పోలారావు గుడ్డ మడత పెట్టాడు. "మీ మీద చెయ్యి చేసుకోవాలని ఉందండి. చేసుకుంటే ఈ ఉజ్జోగం పోద్ది. ఈ దారుల్లో ఈ బండి ఇంకెవడూ తోల్లేడు." మళ్ళీ అడిగాడు. "అటు దేశంలో దానికి జతగా ఒకావిడ ఉందన్నారు. ఆవిడ బతికిందా?"

"బతికింది."

"బిడ్డ?"

"ఆడపిల్ల. బాగుంది."

"పేరేటి పెట్టారు?"

"నాకు తెలీదు పోలారావ్."

"కనుక్కుని చెప్పండి."

అప్పుడు బండిలో గంట మోగింది. మొగలిరేవులో మోగిన మొదటి గంట అది. ఉప్పుటేటి అవతల ఎవరికో పాము కరిచింది. పోలారావు ఎక్కి తలుపేసుకున్నాడు. పూలదండలు తెంపుకుంటూ బండి గేటు దాటిపోయింది.

*

ఆ రాత్రే కూర్మారావు తరీసాకి రాశాడు. ఆవిడ వెంటనే జవాబిచ్చింది. పేర్లు బయటి వాళ్ళకి చెప్పడం తమ చట్టం ప్రకారం నేరమని, అడిగినందుకు తప్పు పట్టనని, మళ్ళీ అడగొద్దని.

పోలారావు నుంచి మెసేజీలు రాసాగాయి. ఎవరితోనో టైపు చేయించినవి. 'పేరు తెలిసిందా అండి.' వారానికొకటి వచ్చేది. తిట్టు లేదు, ఏడుపు లేదు, ఆ ఒక్క ప్రశ్నే. తెలీదని రాద్దామని కూర్మారావు ఫోన్ తీసేవాడు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యబోయిన రోజు ఆగినట్టే వేలు మళ్ళీ ఆగేది. ఒకరోజు రాసేశాడు. 'సెలీన.' ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలీదు ఆ పేరు. పోలారావు మెసేజీలు ఆగిపోయాయి.

కొండ షామియానా వెనక మాట్లాడిన రోజు తర్వాత ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. అతను చేస్తే ఎత్తలేదు. వానాకాలం మొదలైన ఒక సాయంత్రం తనే చేసింది.

"పోలన్న తన పాత ఆటోకి రంగులేయించాడు" అంది. "వెనకాల పేర్లు రాయించాడు. పైన చిన్నతల్లి అని, కింద సెలీన అని. ఎవరీ సెలీన అని ఊళ్ళో అందరూ అడుగుతుంటే మా అమ్మాయి, దూరదేశంలో ఉంటాది అని చెప్తన్నాడు. మొన్న ఆ పిల్లకని గౌను కొన్నాడు. ఎలా పంపాలో నిన్నడగమన్నాడు."

అవతల వాన చప్పుడు, పిల్లాడి ఏడుపు వినిపిస్తున్నాయి.

"నువ్వేటీ చెప్పకు. నిజమైనా, అబద్ధమైనా నాకొద్దు" అంది కొండ. "గౌను మీ ఇంటికి పంపమని చెప్తాను. తీసుకుని దాచుకో."

ఫోన్ పెట్టేసింది.